కరకర

నీగాతాలో జనవరి.
ఎముకలు కొరికే చలి.
చలికైనా పళ్ళున్నాయి,
కుగిమియా గారికి లేవు.

పళ్ళే కాదు, వాటి కింది నేల కూడా లేదు.
ఎడమ దవడలో ఏడు సెంటీమీటర్లు
పుండు తినగలిగినంత తింది,
మిగిలింది కత్తి తీసుకుంది.
ఇప్పుడక్కడ ఒక టైటానియం పట్టీ,
వంతెన లేని ఏటి మీద అడ్డంగా పడేసిన దుంగలా.

ముప్పై ఎనిమిదేళ్ళు ఆయన ఉద్యోగం
సెంబేలు కొరకడం.
బియ్యప్పిండి బిళ్ళలు కాలే ఫ్యాక్టరీలో
వాయికొకటి తీసి, కళ్ళు మూసుకుని, కొరికి,
"ఇంకో అర నిమిషం కాలాలి" అనేవారట.
నాలుకతో కాదు, చెవితో.
బయటి చెవితో కూడా కాదు.
"కరకర అన్నది ఎముక వెంట లోపలికి నడిచొస్తుంది.
మెట్లెక్కుతున్నది ఎవరో అడుగుని బట్టి తెలియదూ, అలా"
అని పలక మీద రాసి చూపించారు.
మాట ముద్దగా, తడిగా వస్తుందని ఆయనకు సిగ్గు.

నేను డాక్టర్ని కాను.
మూడో అంతస్తులో కణాలకు అన్నం పెట్టేదాన్ని.
ఆయన తుంటి ఎముకలోంచి తోడిన చెంచాడు మూలుగ
చిన్న డబ్బాలో నా చేతికొచ్చింది.
రెండు రోజులకోసారి గులాబీ రంగు ద్రవం మారుస్తాను,
పసుపు తిరిగిందంటే ఆకలి.
బయట మంచు సైకిళ్ళ స్టాండుని మింగేసినా
లోపల వాటికెప్పుడూ ఒంటి వేడే.

మొదటి విడత బూజు పట్టింది.
పదహారో రోజు, ఆదివారం.
తప్పెవరిదని ఎవరూ అడగలేదు, అదే బాధ.
త్సుకియోకా సార్ మైక్రోస్కోపు మీంచి తలెత్తకుండా
"పారెయ్యి" అన్నారు.
బ్లీచ్ పోశాను.
ఒక ముసలాయన తుంటినొప్పి మొత్తం
సింకులోంచి గడగడా దిగిపోయింది.
ఆ రాత్రి బస్సులో చేతితొడుగు విప్పి
నా దవడని నేనే తడుముకున్నాను,
చెవి కింద నుంచి గడ్డం దాకా,
చీకట్లో స్విచ్చు వెతుక్కున్నట్టు.

మళ్ళీ అడగడానికి వెళ్ళాం.
సార్ నడుం వంచి, వంచినవారు వంచినట్టే ఉండిపోయారు.
పలక మీద సుద్ద కదిలింది:
"మాడిన వాయిలు నేనూ పారబోశాను.
ఇంకో తుంటి ఉందిగా."

ఎముకని మేం తయారు చేస్తామని పేపర్లో రాశారు.
అబద్ధం.
తేనెపట్టులాంటి ఒక అల్లిక కడతాం,
కణాల్ని అందులో దించుతాం,
"ఇక్కడ" అని చెప్పి చేతులు కడుక్కుంటాం.
వింటే వింటాయి.
పదకొండు మందిలో ఇద్దరికి వినలేదు.
అంతకు ముందు పన్నెండు పందులు.
వాటి దవడల మీద నేర్చుకున్నదే ఇదంతా.
అక్టోబరులో భవనం వెనక రాయి ముందు
తెల్లకోట్లన్నీ వరసగా తల వంచుతాయి.
నేను నాలుగో నంబరు పందిని తలచుకుంటాను,
అది యాపిల్ తొక్కలు మాత్రం తినేది కాదు.

వ్యాసంలో కుగిమియా గారి పేరుండదు.
కేసు ఏడు.
మూడో పటంలో ఒక నల్ల చుక్క.

పదో నెల ఎక్స్‌రేలో
పట్టీ పక్కన ఒక బూడిదరంగు పొగ.
"ఎముకేనా?" అన్నాను.
"ఇంకా ఆ మాట అనకు" అన్నారు సార్,
కాని కుర్చీ లాక్కుని కూర్చున్నారు, చాలాసేపు చూశారు.

కుగిమియా గారికి చూడటం మీద నమ్మకం లేదు.
కాఫీ చెంచా అడిగారు.
కళ్ళు మూసుకున్నారు.
ఎడమ దవడ మీద టక్, టక్.
కుడివైపు ఒకసారి.
మళ్ళీ ఎడమ.
గదిలో హీటరు కూడా ఆగినట్టే అనిపించింది.

పలక తీసుకోలేదు.
ముద్దగా, తడిగా, నోటితోనే అన్నారు:
"ఇంకొంచెం కాలాలి."

ఎవరు ముందు నవ్వారో గుర్తులేదు.
పైన కేసు పన్నెండు ద్రవం
పసుపు తిరుగుతూ ఉంటుంది.
లేవాలి నేను.